స్కౌటు దళము – సభ్యత్వపు చందా

ఖాకీ దుస్తులు, మెడకు కట్టిన రుమాలు, మూడు వ్రేళ్ల వందనము – స్కౌటు అనగానే మన కన్నుల యెదుట నిలుచు రూపమిది. ఆ రూపము వెనుక ఒక చిన్న జమాఖర్చుల పుస్తకము కూడ ఉండునని తలచువారు అరుదు. ఆ పుస్తకమును ఎవరు వ్రాయుదురు, అందులోని సొమ్ము ఎవరి యింటినుండి వచ్చును, ఎచ్చటికి పోవును, చందా పెరిగినప్పుడు ఎవరు మాటపడుదురు అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము. ఇందుకు అమెరికా దేశపు స్కౌటు సంస్థ చరిత్ర మిక్కిలి ఉపకరించును. అచ్చట 2017 మొదలు చందా పెరిగిన తీరు లెక్కలతో సహా లోకమునకు తెలిసినది. ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు కూడ ఆ దళములలో ఉన్నారు గనుక, ఇది మనకు బొత్తిగా పరాయి ముచ్చట కాదు.

ముందుగా ఒక పాత సంగతి. 1907 ఆగష్టు నెలలో బేడెన్ పవెల్ ఇంగ్లండు దక్షిణ తీరమునందలి బ్రౌన్సీ ద్వీపమున సుమారు 20 మంది బాలురతో ఒక శిబిరము నడపెను. స్కౌటు ఉద్యమమునకు అదియే నాంది. వచ్చినవారిలో కొందరు ధనికుల బడులలో చదువువారు, కొందరు కార్మికుల బిడ్డలు. మొదటివారివద్ద ఒక పౌను, రెండవవారివద్ద మూడున్నర షిల్లింగులు రుసుముగా తీసికొనిరి. ఆనాడు పౌనునకు 20 షిల్లింగులు. అనగా పేద బాలుడు చెల్లించినది ధనిక బాలుడు చెల్లించిన దానిలో ఆరవ వంతుకంటె కొంచెము మాత్రమే ఎక్కువ. జట్లలో మాత్రము ఇరువురను కలిపియే ఉంచిరి. మరుసటి యేట వెలువడిన ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ అను గ్రంథమున స్కౌటు నియమములలో తొమ్మిదవది పొదుపు. అమెరికా నియమావళిలోను పొదుపునకు తొమ్మిదవ స్థానమే. కావున ఈ ఉద్యమమునకు డబ్బు ప్రసక్తి క్రొత్తది కాదు. బాలుని స్తోమతు చూచి రుసుము నిర్ణయించుట దాని మొదటి శిబిరమునందే కలదు.

అమెరికాలో ఈ ఉద్యమము 1910 ఫిబ్రవరి 8న ‘బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా’ అను పేర వెలసెను. 2025 ఫిబ్రవరి 8 నుండి దాని పేరు ‘స్కౌటింగ్ అమెరికా’. ఆ సంస్థ మూడంతస్తుల మేడ వంటిది. క్రింది అంతస్తున దళము. ఒక చర్చియో, బడియో, సేవాసంఘమో దానికి నీడ నిచ్చును. స్కౌటు మాస్టరు, అతని సహాయకులు, కోశాధికారి – వీరందఱును పిల్లల తల్లిదండ్రులో, ఇరుగుపొరుగువారో. ఎవరికిని జీతము లేదు. నడిమి అంతస్తున ప్రాంతీయ మండలి. అచ్చట జీతముగల ఉద్యోగులును, శిబిర స్థలములును ఉండును. పై అంతస్తు టెక్సాసు రాష్ట్రమునందలి జాతీయ కార్యాలయము.

పిల్లవాడు చెల్లించు జాతీయ చందా పై అంతస్తుకు చేరును. దళమునకు డేరా కావలసినను, వంటపాత్ర కావలసినను ఆ చందానుండి రాదు. అందుకై దళము తన చందా తాను వేఱుగా వసూలు చేసికొనవలెను. లేదా పిల్లలు ఇల్లిల్లు తిరిగి మొక్కజొన్న పేలాలమ్మి కొంత లాభము తేవలెను. పెక్కు మండలులు తమ పేర మఱియొక రుసుమును గూడ చేర్చుచున్నవి. దుస్తులు, శిబిరపు ఖర్చు, రాకపోకల పెట్రోలు వీనికి అదనము. తల్లిదండ్రుల కన్నులకు ఇదంతయు ఒక్కటే ‘స్కౌటు ఖర్చు’గా కనబడును. ఏ రూపాయి ఎచ్చటికి పోయినదో (అచ్చట డాలరు, మాట వరుసకు రూపాయి యన్నాను) వారికి విడమరచి చెప్పవలసినవాడు జీతము లేని ఆ కోశాధికారియే.

ఇక లెక్కకు వత్తము. 2017 డిశెంబరునకు ముందు ఒక్కొక్క పిల్లవాని సాలుసరి జాతీయ చందా 24 డాలర్లు. ఆ నెలనుండి 33. 2020 జనవరి 1 నుండి 60. అటుపిమ్మట విడతలు విడతలుగా పెరిగి, 2024 ఏప్రిలు నాటికి 85 అయ్యెను. పనిచేయు పెద్దలును చందా చెల్లింపవలసినదే. సేవ చేయుటకు ఎదురు సొమ్ము చెల్లించుట మనకు వింతగా తోచవచ్చును గాని అచ్చట అదియే పద్ధతి. పెద్దల చందా 2019లో 33 డాలర్లు, 2020 ఆరంభమున 36, 2024 ఏప్రిలున 65.

30 మంది పిల్లలు, 10 మంది పెద్దలు గల దళము నొకదానిని ఊహింతము. 2019లో అది పైకి పంపవలసినది 1,320 డాలర్లు. 2020 ఆరంభపు చందా ప్రకారము 2,160. ఒక్క యేటిలో 840 డాలర్లు అధికము. 2024 రేట్ల చొప్పున 3,200. అనగా 2019 నాటికి ఇంచుమించు రెండున్నర రెట్లు. ఈ నడుమ దళమునకు క్రొత్తగా ఒక్క డేరాయైనను రాలేదు, ఒక్క జీతగాడైనను తోడు రాలేదు.

2020 నాటి పెంపును గూర్చి మఱికొంత చెప్పవలసి యున్నది. దానిని ప్రకటించినది 2019 అక్టోబరు నెలలో. అచ్చట బడులు ఆగష్టు, సెప్టెంబరులలో తెఱచుదురు. దళములు ఏడాది ఖర్చునకు అంచనా వేసికొని, చందా ఇంతయని తల్లిదండ్రులకు చెప్పి, వసూలు చేసికొనునది అప్పుడే. పేలాల అమ్మకము కూడ శరదృతువునందే. సభ్యుల పట్టికను, జాతీయ చందాను ఆనాడు పెక్కు దళములు సంవత్సరాంతమునకు పైకి పంపవలసి యుండెను. అంచనా ముగిసి, వసూలు ముగిసిన పిమ్మట, గడువు రెండు నెలలుండగా, చందా దాదాపు రెట్టింపైనదని వార్త వచ్చెను. కోశాధికారికి రెండే దారులు. తల్లిదండ్రుల వద్దకు మరల పోయి చేయి చాచుట. లేదా డేరాల కొఱకు దాచిన నిధిని తీసి కట్టుట. మొదటిది చేసిన మాటపడవలెను. రెండవది చేసిన, పేలాలమ్మిన పిల్లల ఎదుట తలవంచుకొనవలెను. స్వచ్ఛంద సేవకుల ఆగ్రహమునకు మూలము సొమ్ముకంటె ఈ ఇరకాటమే అని నా అభిప్రాయము.

ఇంతకు చందా ఏల పెరిగెను? సంస్థ చెప్పిన ముఖ్య కారణము బీమా ఖర్చు. గత దశాబ్దములలో కొందరు నాయకులు తమ సంరక్షణలోని పిల్లలయెడ మిక్కిలి నీచముగా ప్రవర్తించిరి. సంస్థ వారిని సకాలమున అరికట్టలేదు. బాధితులు పెద్దవారై న్యాయస్థానముల కెక్కిరి. 2020 ఫిబ్రవరి 18న సంస్థ దివాలా రక్షణ కోరెను. 82,000 మందికి పైగా తమకు జరిగిన అన్యాయమును నివేదించుకొనిరి. వారి పరిహారమునకు 246 కోట్ల డాలర్ల నిధి ఏర్పడెను. 2023 ఏప్రిలున సంస్థ దివాలానుండి బయటపడెను. ఆ నిధికి జాతీయ సంస్థయు, ప్రాంతీయ మండలులును, బీమా కంపెనీలును సొమ్ము సమకూర్చవలసి వచ్చెను. కొన్ని మండలులు తరతరములుగా పిల్లలు గుడారములు వేసికొనిన శిబిర స్థలములను అమ్ముకొనెను.

ఇదే కాలమున సభ్యుల సంఖ్యయు పడిపోయెను. 2019లో దాదాపు 20 లక్షలుగా ఉన్న పిల్లలు 2021 నాటికి సుమారు 7,62,000 మంది మిగిలిరి. చందా ఒక్కటే ఇందుకు కారణమనుట పొరపాటు. పెద్దయెత్తున దళములు నడపుచుండిన ఒక మతసంస్థ 2019 చివర తప్పుకొనెను. వెంటనే కరోనా వ్యాధి వచ్చి కూటములు ఆగిపోయెను. కాని ఒక సంగతి గమనింపదగినది. కార్యాలయపు ఖర్చును, పాత బాధ్యతలును పిల్లలు తగ్గినంత వేగముగ తగ్గవు. మిగిలినవారిపై ఒక్కొక్కరి వంతు పెరుగును. వంతు పెరిగిన మఱికొందరు మానుదురు. నూతికట్టు చుట్టు తిరిగినట్లు ఇది తిరుగుచునే యుండును.

బీమా అక్కఱలేదు, పై కార్యాలయమే అక్కఱలేదు అను విసుగు మాటలతో నేను ఏకీభవింపను. కొండ యెక్కుచు కాలు విరిగిన పిల్లవానికి, అన్యాయమునకు గురియైన పిల్లవానికి నష్టపరిహార మిచ్చుటకు ఎవరో ఒకరు బాధ్యత వహింపవలెను. పిల్లల రక్షణకై తెచ్చిన నిబంధనలును మంచివే. ఏ కార్యక్రమమునకైనను నమోదైన పెద్దలు ఇద్దరు ఉండి తీరవలెనను నియమము అట్టిది. 2023 సెప్టెంబరు 1 నుండి మఱియొక నియమము వచ్చెను: 11 ఏండ్లు నిండినవారి దళములతో రాత్రి శిబిరమున బస చేయు పెద్దలందఱును సభ్యులుగా నమోదై, శిక్షణ పొంది యుండవలెను. దీనివలన పిల్లలకు రక్షణ పెరిగినది. ఒక్క రాత్రి వంటకు సాయము వచ్చు తండ్రియు చందా చెల్లింపవలసి వచ్చినది. నియమము మేలైనదే, దాని ఖరీదును సాయపడువాని జేబునుండి తీయుటయే నాకు నచ్చని భాగము. పూర్వులు చేసిన తప్పునకు నేటి పిల్లలు, నేటి సేవకులు మూల్యము చెల్లించుచున్నారు. ఆ మాటను పై అంతస్తువారు ముందుగా, సూటిగా చెప్పి, వ్యవధి యిచ్చి యుండిన, క్రింది అంతస్తువారి మనస్సు ఇంతగా విఱిగెడిది కాదు.

మన దేశమున ఈ ఉద్యమము మొదట భారతీయ బాలురకు అందుబాటులో లేకుండెను. 1916లో అనీబిసెంటు మద్రాసున వారికై వేఱుగా ఒక సంఘమును స్థాపించెను. స్వాతంత్ర్యానంతరము 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడెను. ఇచ్చట దళములలో పెక్కు బడులకు చెందినవి. స్కౌటు మాస్టరు ఆ బడి ఉపాధ్యాయుడే. కావున అమెరికా లెక్కలు మనకు యథాతథముగ వర్తింపవు. అయినను పరభాషా ప్రాంతమున తెలుగు సంఘమునకో, తెలుగు గ్రంథాలయమునకో చందా పుస్తకము చేతబట్టి ఇల్లిల్లు తిరిగినవారు ఆ కోశాధికారి అవస్థను ఎఱుగుదురు. ‘పోయిన యేటికంటె ఎక్కువేల?’ అని గడపలో నిలిపి అడుగు ప్రశ్నకు ఏ భాషలోనైనను జవాబు చెప్పుట కష్టమే.

విద్యార్థులకు ఒక అభ్యాసము. ఒక దళమున 20 మంది పిల్లలు, 6 గురు పెద్దలు కలరు. పైన ఇచ్చిన చందాల ప్రకారము ఆ దళము 2019లోను, 2020 ఆరంభమునను, 2024 ఏప్రిలునను పంపవలసిన సొమ్మెంత? 2020లో దళపు నిధినుండి 300 డాలర్లు తీసి, మిగిలినది పిల్లల వద్ద సమముగా వసూలు చేసిన, తలకు ఎంత పడును? లెక్క పూర్తియైన పిదప, ఆ సంఖ్యను 20 ఇండ్లకు తెలియజేయుచు కోశాధికారి వ్రాయవలసిన జాబును కూడ పది పంక్తులలో వ్రాయుడు.