మొండి నొప్పులకు హిజామా ఒక్కటే చాలునా?

వేములవాడ నుంచి సిరిసిల్ల వెళ్లే దారిలో ఏ ఊళ్లో ఆగినా ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీలు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీలు పూర్తిచేసేసరికి పొద్దుగూకుతుంది. అంతసేపూ మెడ వంగే ఉంటుంది. సిరిసిల్లలో సాంచాల దగ్గర గంటల తరబడి నిలబడేవారి మోకాళ్ల బాధ వేరు, గల్ఫ్‌లో ఏళ్లపాటు బరువులు మోసి ఇల్లు చేరినవారి నడుముల బాధ వేరు. పనులు వేరైనా చాలా ఇళ్లలో చివరికి మిగిలేది తగ్గీ తగ్గని నొప్పి.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఒక్క నడుము నొప్పితోనే ప్రపంచంలో 61.9 కోట్ల మంది బాధపడ్డారు. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. ముస్లిం ఇళ్లలో ఈ నొప్పి ఆరాధన దాకా వస్తుంది. రుకూలో నడుము పట్టేస్తుంది, సజ్దా నుంచి లేవాలంటే ఎవరో చెయ్యి అందించాలి. నలభై ఏళ్లు నిండకముందే మస్జిదులో కుర్చీ వెతుక్కునేవారు ఉన్నారు.

గత ఇరవై ఏళ్లలో మన ప్రాంతంలో హిజామా మళ్లీ ప్రచారంలోకి వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. నిజానికి ఇది మనవారికి కొత్తది కాదు. పాత తరంవారు ఉర్దూలో పఛ్‌నే లగానా అనేవారు. పల్లెల్లో కొమ్ము పెట్టి రక్తం లాగే పద్ధతి కూడా ఉండేది. సుశ్రుతుని వైద్య గ్రంథంలో సైతం కొమ్ముతో, సొరకాయ బుర్రతో, జలగలతో రక్తం తీసే పద్ధతుల ప్రస్తావన ఉంది. అయితే హిజామా తిరిగి వచ్చినప్పుడు దానితోపాటు రెండు రకాల మాటలు కూడా వచ్చాయి. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసేవారు ఒకవైపు ఉన్నారు. షుగరు మొదలుకొని కేన్సరు వరకు ఏ జబ్బుకైనా ఇదే మందు, మాత్రలు మానేయండి అనేవారు మరోవైపు ఉన్నారు. రెండో మాట ధర్మం పేరుతో వస్తుంది కాబట్టి దానివల్ల కలిగే నష్టమే ఎక్కువ.

హదీసులు ఏం చెబుతున్నాయి?

స్వస్థత మూడింటిలో ఉందని, అవి తేనె, హిజామా గాటు, నిప్పుతో వాత అని దైవప్రవక్త (స) చెప్పినట్లు, వాతను తన అనుచర సమాజానికి వారించినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఇది మనలో చాలామందికి తెలిసిన హదీసే. కాని ఆయన (స) స్వయంగా ఎప్పుడెప్పుడు హిజామా చేయించుకున్నారో అంతగా గమనించం. ఇహ్రాం స్థితిలో, మక్కా దారిలోని లహ్యె జమల్ అనే చోట తలకు చేయించుకున్నారు, కారణం తలనొప్పి. మరో ఉల్లేఖనంలో పాదం పైభాగాన చేయించుకున్నారు, కారణం అక్కడి నొప్పి. జాబిర్ (రజి) ఉల్లేఖనంలో తుంటి దగ్గర చేయించుకున్నారు, అక్కడ బెణికినట్టు నొప్పి ఉండింది. ఈ మూడు చోట్లా ఒక నిర్దిష్టమైన బాధ ఉంది, దానికి ఒక చికిత్స జరిగింది. నొప్పికి హిజామా చేయించుకునేవారికి ఇంతకంటే దగ్గరి ఆధారం అక్కర్లేదు.

అనస్ బిన్ మాలిక్ (రజి) ఉల్లేఖనాన్ని కూడా చూద్దాం. అబూ తైబా అనే బానిస ప్రవక్త (స)కు హిజామా చేశాడు. ఆయన (స) అతనికి కూలీగా ఆహారం కొలిచి ఇప్పించారు, యజమానులతో మాట్లాడి అతను కట్టవలసిన సొమ్ము తగ్గించేలా చూశారు. మంచి చికిత్సల్లో హిజామా ఒకటని చెప్పిన ఆ సందర్భంలోనే, గొంతు జబ్బు వచ్చిన పిల్లల అంగిలిని వేలితో నొక్కి హింసించవద్దని, దానికి బదులు ఖుస్త్ వాడమని కూడా బోధించారు. అనవసరంగా బాధపెట్టే వైద్యాన్ని మానమన్న ఈ రెండో భాగాన్ని హిజామా ప్రసంగాల్లో వినడం మాకు అరుదు. ఇరవై, ముప్ఫై కప్పులు పెట్టి లోతుగా గాట్లు వేసేవారు దీన్ని ఒకసారి చదవాలి.

హిజామాను ప్రశంసించిన ప్రవక్త (స) రోగులందరినీ హిజామాకే పంపలేదు. సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడితే, వైద్యం తెలిసిన హారిస్ బిన్ కలదా దగ్గరకు వెళ్లమన్నారని అబూ దావూద్‌లో ఉంది. ఉబై బిన్ కఅబ్ (రజి) కోసం వైద్యుణ్ణి పంపారని సహీహ్ ముస్లింలో ఉంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడన్న హదీసును అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా ముగ్గురూ పొందుపరిచారు. పది రోజుల శిక్షణతో బ్లేడు పట్టుకునేవారికి ఇది చిన్న హెచ్చరిక కాదు.

చంద్రమాసంలో 17, 19, 21 తేదీల గురించి హదీసులు ఉన్నాయి. వీలైతే ఆ తేదీలు పాటించడం మంచిదే. కాని నొప్పితో నిద్రలేని మనిషిని ఆ తేదీల కోసం మూడు వారాలు ఆపనవసరం లేదు. అబూ మూసా (రజి) రాత్రివేళ చేయించుకున్నారని ఇమాం బుఖారీ ఈ అధ్యాయంలోనే పేర్కొన్నారు.

కప్పు ఏం చేస్తుంది, ఏం చేయదు?

కప్పులోని గాలి తీసేయగానే చర్మం, దాని కింది కండ పైకి లాగబడతాయి. ఆ చోటికి రక్త ప్రసరణ పెరుగుతుంది, బిగిసిన కండ కొంత సడలుతుంది. గాటు వేయకుండా కప్పు మాత్రమే పెడితే పొడి హిజామా, గాట్లు వేసి రక్తం తీస్తే తడి హిజామా. గాటు నుంచి వచ్చేది చర్మంలోని సన్నని రక్తనాళాల రక్తం. శరీరంలో మంచి రక్తం ఒకచోట, చెడ్డ రక్తం ఒకచోట విడివిడిగా ఉండవు. కప్పులో గడ్డకట్టిన నల్లని ముద్దను చూపించి జబ్బు బయటికొచ్చింది అనడం సరికాదు, ఎవరి రక్తమైనా కప్పులో కాసేపు నిలిస్తే అలాగే గడ్డకడుతుంది.

మెడ నొప్పి, నడుము నొప్పికి హిజామా మీద ఆధునిక పరీక్షలు చాలానే జరిగాయి. వాటన్నిటినీ కలిపి చూసినవారు చెప్పేదేమంటే, కొంతకాలం వరకు నొప్పి తగ్గుతున్న సూచనలు ఉన్నాయి. కాని ఆ పరీక్షలు ఎక్కువగా చిన్నవి. కప్పు పెట్టిన సంగతి రోగికి తెలియకుండా ఉంచడం కష్టం గనుక నమ్మకం వల్ల తగ్గినదెంత, కప్పు వల్ల తగ్గినదెంత అన్నది తేలడం లేదు. ఇది విని మన విశ్వాసం తగ్గనక్కర్లేదు. నొప్పికి ఉపశమనం అని హదీసుల నుంచి మనం తెలుసుకున్నదానికి ఇది విరుద్ధం కాదు. విరుద్ధమైనది, ఒక్క కప్పుతో జీవితాంతం నయం అనే వ్యాపారపు మాటే.

తగ్గిన నొప్పి మళ్లీ ఎందుకు వస్తుంది? బీడీలు చుట్టే సోదరి హిజామా చేయించుకుని, తేలికపడి, మర్నాడు మళ్లీ అదే గోడ పక్కన అలాగే మెడ వంచి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి బలహీనపడిన వీపు కండరాలకు కప్పు బలం ఇవ్వలేదు. ఆ బలం కదలికతోనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలో వ్యాయామం, మర్దన, రోగికి తన నొప్పి గురించి అవగాహన కల్పించడం వంటివి సిఫారసు చేసింది. మనవారు ఎంతో ఆశతో కొని కట్టుకునే నడుము బెల్టును మామూలుగా వాడవద్దనే చెప్పింది.

యునానీ వైద్యం కూడా హిజామాను ఒంటరిగా వదల్లేదు. ఇలాజ్ బిత్ తద్బీర్ అనే విభాగంలో హిజామా పక్కనే దల్క్ అంటే మర్దన, రియాజత్ అంటే వ్యాయామం, హమ్మాం అంటే స్నాన చికిత్స ఉన్నాయి. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో వ్యాయామానికి, మర్దనకు ప్రత్యేకంగా చోటిచ్చారు. హైదరాబాద్ చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాలలో చదివే హకీములు నేర్చేది ఈ వైద్యమే. కనుక ఫిజియోథెరపీ దగ్గరకు వెళితే హిజామాను వదిలేసినట్టు కాదు.

రెండిటినీ కలిపేదెలా?

మొదట జబ్బేమిటో వైద్యుని ద్వారా తెలియాలి. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు పడిపోతున్నట్టుండటం, నొప్పితో జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పెద్దవయసులో కిందపడ్డాక వచ్చిన నొప్పి, వీటిలో ఏది ఉన్నా హిజామా గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి పోవాలి. కాలు లేదా మూత్రం విషయమైతే అదే రోజు పోవాలి, ఆలస్యం చేస్తే ఆ నరాలు తిరిగి కోలుకోకపోవచ్చు.

రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు, రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు, షుగరు అదుపులో లేనివారు వైద్యుని అనుమతి లేకుండా తడి హిజామా చేయించుకోరాదు. మన స్త్రీలలో రక్తహీనత ఎంత సాధారణమో అందరికీ తెలిసిందే. వారికి పొడి కప్పు, మర్దన ఉండగా రక్తం తీయాలని పట్టుపట్టడం దేనికి? చేసేవారు మన కళ్లముందే కొత్త బ్లేడు విప్పాలి, చేతికి గ్లవ్స్ వేసుకోవాలి, ఒకరికి వాడిన కప్పు మరొకరికి వాడకూడదు. హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. రక్తం ద్వారా కూడా సోకుతాయి. అడగడానికి మొహమాటపడవద్దు.

తడి హిజామా అయిన రోజు విశ్రాంతి. గాట్ల మీద వేడి కాపడం, మర్దన, నూనె పనికిరావు. ఒకటి రెండు రోజుల్లో గాట్లు ఆరాక, నొప్పి తేలికపడి ఉండగానే వ్యాయామం మొదలుపెట్టాలి. హిజామాతో కలిగే అసలు మేలు ఇదేనని మా అభిప్రాయం. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు కదలలేని మనిషి ఈ కొద్ది రోజుల్లో కదలగలుగుతాడు. ఆ రోజులు ఊరికే పోతే మళ్లీ కప్పుల ఖర్చే మిగులుతుంది.

ఏ వ్యాయామం ఎవరికన్నది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. సాధారణంగా నేర్పేవి సులువైనవే. మెడకు: నిటారుగా కూర్చుని గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి అయిదు సెకన్లు ఆపడం, రెండు భుజాలను వెనక్కి తెచ్చి దగ్గర చేయడం. నడుముకు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులను నెమ్మదిగా పైకి లేపి దించడం. మోకాలికి: కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి పట్టుకోవడం. ఒక్కోటి పది సార్లతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి. కొంచెం సలుపు మామూలే. నొప్పి కాలిలోకో చేతిలోకో పాకితే ఆపి అడగాలి. ఫలితం కనబడటానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అంత ఓపిక లేకనే చాలామంది మధ్యలో మానేస్తారు.

పని మానలేని ఇళ్లలో పని పద్ధతి మారాలి. చాట కింద దిండు పెట్టి ఎత్తు పెంచితే మెడ తక్కువ వంగుతుంది. వీపు గోడకు ఆనాలి. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. ఆ కాసేపు చంటిబిడ్డను ఎత్తుకోవడం, నీళ్లు పట్టడం ఇంట్లో మగవారు చేయవచ్చు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని ఆయిషా (రజి) చెప్పారు కదా.

స్త్రీల పర్దా గురించి తరచూ అడుగుతుంటారు. ఉమ్మె సలమా (రజి) హిజామాకు అనుమతి కోరితే ప్రవక్త (స) అబూ తైబాను చేయమన్నారు. అతను ఆమెకు పాల సోదరుడో, యుక్తవయసు రాని బాలుడో అయి ఉంటాడని ఉల్లేఖకుడు చెప్పారు. కనుక శిక్షణ పొందిన స్త్రీ దొరికితే ఆమె చేతనే చేయించుకోవాలి. అయితే స్త్రీ అన్న ఒక్క కారణంతో ఏమీ రానివారికి వీపు అప్పగించడం పర్దా కాదు. ఫిజియోథెరపీలో స్త్రీ నిపుణులు చాలామంది ఉన్నారు, ముందుగా అడిగి వెళ్లవచ్చు.

హనఫీ మస్లక్ ప్రకారం రక్తం బయటికి ప్రవహిస్తే వుజూ భంగమవుతుంది, కాబట్టి తడి హిజామా తర్వాత వుజూ చేయాలి. నీళ్లు తగలకూడని చోట పట్టీ ఉంటే దాని మీద మసహ్ చాలు. ఉపవాసం హనఫీల వద్ద భంగం కాదు. కాని నీరసం కలిగిస్తుందన్న కారణంగానే తాము దాన్ని ఇష్టపడేవారం కాదని అనస్ (రజి) చెప్పారు, కనుక రమజాన్‌లో ఇఫ్తార్ తర్వాతికి వాయిదా వేసుకుంటే మేలు.

ఇక కుర్చీ నమాజు. ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తన జబ్బు గురించి చెప్పుకొంటే, నిలబడి చదవమని, చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చదవమని ప్రవక్త (స) అనుమతించారు. నొప్పితో కుర్చీలో చదివే వారి నమాజుకు లోటు లేదు. కాని అనుమతి కారణం ఉన్నంతవరకే. వ్యాయామంతో నడుము, మోకాలు కుదుటపడుతున్నకొద్దీ మళ్లీ ప్రయత్నించి చూడాలి. నేల మీద సజ్దా చేయలేనివారి విషయంలో వివరాలున్నాయి, వాటిని దగ్గరలోని ఆలిమ్‌ను అడగాలి. సజ్దా చేయగలిగి ఎక్కువసేపు నిలబడలేనివారు మాత్రం నిలబడగలిగినంతసేపు నిలబడాలి. నాలుగు రకాతుల్లో మొదటి రెండు నిలబడగలిగితే ఆ రెండూ నిలబడి, మిగతా రెండు కూర్చొని చదువుకోవచ్చు.