రెండు సెట్లు

అన్నదమ్ములిద్దరికీ చెరో బోటు ఉంది. ఇద్దరూ ఒకే రేవు నుంచి వేటకు పోతారు. అన్న దగ్గర ముందునుంచీ ఒక వాకీటాకీ ఉంది. తమ్ముడు మొన్న ఇంకో కంపెనీది కొన్నాడు. రెండూ సముద్రం మీద వాడే వి.హెచ్.ఎఫ్. సెట్లే. అయినా మాట కలవటం లేదు. తమ్ముడు మాట్లాడితే అన్నకు వినబడుతోంది. అన్న మాట్లాడితే తమ్ముడికి వినబడటం లేదు.

"కంపెనీలు వేరు వదినా. అందుకే కలవట్లేదు. ఇది అమ్మేసి అన్న దగ్గరున్నలాంటిదే కొంటాను" అన్నాడు తమ్ముడు.

పెద్ద కోడలికి అది నచ్చలేదు. ఆ సెట్టు కొన్నది పొదుపు సంఘంలో అప్పు తీసుకుని. ఇంకా రెండు వాయిదాలే కట్టారు.

"మన ఫోన్లు తలా ఒక కంపెనీవి కావా? మాట్లాడుకోవట్లేదా? ఉండు మరిదీ, ముందు చూద్దాం" అంది.

రెండు సెట్లూ పక్కపక్కన పెట్టింది. రాత్రి బడిలో ఆమె అంకెలు బాగా నేర్చుకుంది. రెండింటి మీదా 7 ఉంది.

"నంబరు ఒకటే కదక్కా" అంది చిన్న కోడలు.

తొమ్మిదో తరగతి చదివే కూతురు తొంగి చూసింది. "అమ్మా, నాన్న సెట్టులో 7 పక్కన చిన్న 'ఎ' ఉంది. పైన యు.ఎస్.ఎ. అని ఉంది. బాబాయి సెట్టులో ఐ.ఎన్.టి. అని ఉంది."

మర్నాడు పెద్ద కోడలు, మరిది హార్బరుకు వెళ్లారు. అక్కడ సెట్లు బాగుచేసే మెకానిక్కు చూడగానే నవ్వాడు.

"కంపెనీతో పని లేదమ్మా. మాట గాలిలో అలల మీద పోతుంది. ఇద్దరూ ఒకే అల మీద ఉండాలి. ఛానలు నంబరు అంటే ఇంటి నంబరు లాంటిది. 7వ నంబరు ఇల్లు రెండు వీధుల్లోనూ ఉండొచ్చు కదా. యు.ఎస్.ఎ. ఒక వీధి. అది అమెరికా పద్ధతి. ఐ.ఎన్.టి. ఒక వీధి. అది అన్ని దేశాల పద్ధతి. మనం వాడాల్సింది అదే" అన్నాడు.

కాగితం మీద రాసి చూపించాడు. ఐ.ఎన్.టి.లో 7వ ఛానలు 156.350 మీద మాట పంపుతుంది, 160.950 మీద వింటుంది. యు.ఎస్.ఎ.లో 7వ ఛానలు పంపేదీ 156.350 మీదే, వినేదీ 156.350 మీదే. తమ్ముడు పంపిన మాట అన్న వింటున్న చోటికే వస్తోంది. అన్న మాట మాత్రం తమ్ముడు వినే చోటికి పోవటం లేదు.

"అయితే రెండూ ఐ.ఎన్.టి.లో పెట్టి 7 మీదే ఉంటే సరిపోతుందా?" అంది పెద్ద కోడలు.

మంచి ప్రశ్నే అడిగింది. సరిపోదు. అప్పుడు ఇద్దరూ ఒకచోట పంపి ఇంకోచోట వింటారు. ఎవరి మాటా ఎవరికీ అందదు. ఆ ఛానలు బోటు నుంచి రేవు కేంద్రంతో మాట్లాడటానికి. బోటుకీ బోటుకీ మధ్య మాటకు 72, 77 ఉన్నాయి. వాటిలో పంపటం, వినటం ఒకేచోట జరుగుతాయి. మెకానిక్కు రెండు సెట్లూ ఐ.ఎన్.టి.లో పెట్టి 72కు తిప్పాడు. మాట కలిసింది. డబ్బులు అడగలేదు.

అన్ని వాకీటాకీలూ ఇలా కలవవు. లైసెన్సు అక్కర్లేదని బజారులో అమ్మే చిన్న సెట్లు 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. వాటి మాట సముద్రపు సెట్టుకు ఎప్పటికీ అందదు. ఎంత తిప్పినా అంతే. సముద్రపు సెట్టుకైతే లైసెన్సు కావాలి.

మాట కలిసిన సెట్టు కూడా ఒక్కోసారి పలకదు. మీట నొక్కి ఉన్నంతసేపు అవతలి మాట వినబడదు. అందుకే మాట అయ్యాక "ఓవర్" అని చెప్పి మీట వదలాలి. స్క్వెల్చ్ అనే మీట గరగర శబ్దాన్ని ఆపుతుంది. దాన్ని మరీ బిగిస్తే దూరం నుంచి వచ్చే సన్నని మాట కూడా ఆగిపోతుంది. చేతి సెట్టు మాట చిన్న బోట్ల మధ్య మామూలుగా పది కిలోమీటర్ల లోపే అందుతుంది. సెట్టును ఎత్తుగా పట్టుకుంటే ఇంకాస్త దూరం పోతుంది.

ఇక 16వ ఛానలు. ఇది ఏ కంపెనీ సెట్టులోనైనా, ఏ వీధిలోనైనా ఒక్కటే. 156.800. ఆపద ఛానలు ఇదే. దీని మీద కబుర్లు చెప్పకూడదు. బోటు మునిగేలా ఉంటే "మేడే" అని మూడుసార్లు అనాలి. బోటు పేరు, ఉన్న చోటు, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఫోను నుంచి 1554కు చేస్తే కోస్ట్ గార్డు పలుకుతుంది.

అత్త ఇదంతా వింటూ కూర్చుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. "అప్పుడు సముద్రం మీద ఉన్నవాళ్లకు కబురు చెప్పే దారే లేదు" అంది. "16 అనేది పెద్దగా రాయవే, నాకూ కనబడాలి."

పెద్ద కోడలు అట్టముక్క మీద రాసింది: 16 ఆపద. 72 మాట. 1554 ఫోను. ఒకటి అన్న బోటులో, ఒకటి తమ్ముడి బోటులో కట్టారు. మూడోది ఇంట్లో గోడకు అంటించారు.

చెప్పండి:
రెండు సెట్ల మీదా 7 ఉన్నా ఒకరి మాట ఎందుకు అందలేదు?
మీ ఇంట్లోవాళ్లు ఏ ఛానలు మీద మాట్లాడుకుంటారు? సెట్టు చూసి నంబరు రాయండి.