నీళ్ల పరీక్ష కాకుండా సంతకం పెట్టకు



నీ ఉత్తరం అందింది. డౌన్ పేమెంట్ లేకుండా అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) లోను మీద నార్త్ కరోలినాలో ర్యాలీ అవతల ఇల్లు చూసుకున్నామని రాశావు. హెచ్1బీ వీసా మీద ఉన్నన్నాళ్లూ ఆ లోను మీకు దొరికేది కాదు. గ్రీన్ కార్డు వచ్చాక ఆ దారి తెరుచుకుంది, చాలా సంతోషం. కానీ ఆ ఇంటికి పాత బోరే దిక్కని చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు మిగతావి చెప్పేస్తాను. ఇంటి ప్రకటనలో ఈ లోనుకు అర్హత ఉందని రాసినంత మాత్రాన నమ్మకు. యూఎస్‌డీఏ మ్యాపులో ఆ అడ్రసు నువ్వే కొట్టి చూడు. రోడ్డుకు ఇటు ఇల్లు గీత లోపల, అటు ఇల్లు బయట ఉండొచ్చు. ఈ లోను పల్లె ప్రాంతాల ఇళ్లకే. పల్లె అంటే పొలాల నడుమ ఇల్లే కానక్కరలేదు, జనాభా 35 వేల లోపున్న కొన్ని పట్టణాలు కూడా అందులోకి వస్తాయి. ఆదాయం లెక్కలో మీ ఇద్దరి జీతాలే కాదు, ఆ ఇంట్లో కాపురముండే పెద్దవాళ్లందరి సంపాదనా కలుపుతారు. చెల్లి మీ దగ్గరే ఉండి ఉద్యోగం చేస్తే ఆమె జీతమూ లెక్కే. మొత్తం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. మొదట్లో 1 శాతం గ్యారంటీ రుసుము, తర్వాత ఏటా మిగిలిన అప్పు మీద 0.35 శాతం ఉంటాయి. కొని అద్దెకివ్వడం కుదరదు, మీరే ఉండాలి.

ఇక నీళ్ల సంగతి. మన నల్లగొండ నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి బిడ్డా. నాతో బతుకమ్మ ఆడిన పిల్లకు ఎదిగే వయసులోనే కాళ్లు వంకర పోయాయి. ఏ జన్మ పాపమో అన్నారు ఊళ్లో. రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తోందని తర్వాత గానీ మాకు తెలియలేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) కనిపెట్టింది. దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. పేరైతే దేశమంతా తెలిసింది, ఆ పిల్ల మాత్రం మళ్లీ బతుకమ్మ ఆడలేదు. అందుకే బోరు మాట వింటే నాకు భయం.

అమెరికాలో అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుందనుకోకు. సొంత బోర్ల నీటిని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ పర్యవేక్షించదు, ఇంటివాళ్లే చూసుకోవాలి. నార్త్ కరోలినాలో 2008 జూలై తర్వాత తవ్విన బోర్లకే కౌంటీ పరీక్ష తప్పనిసరి. మీది పాతది. లోను కోసం చేసే పరీక్షలో బాక్టీరియా, నైట్రేట్ లాంటివి చూసి వదిలేస్తే అక్కడితో ఆగకు. వేక్ కౌంటీ తూర్పున గ్రానైటు నేలల్లోని బోర్లలో యురేనియం, రేడాన్ బయటపడ్డాయి. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, సీసం కూడా కలిపి సర్టిఫైడ్ ల్యాబులో చేయించు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే చోటు బోరుకు 100 అడుగుల దూరంలో ఉందో లేదో టేపు పెట్టి కొలిపించు.

కోడలికి ఐదో నెల అన్నావు. వేళకు తింటోందా తల్లి? పచ్చళ్లు పంపిస్తాను, కారం తగ్గించి పెట్టాను. పుట్టబోయే బిడ్డ కోసం మళ్లీ నీళ్ల మాటే చెబుతున్నా. నైట్రేట్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతో పాలపొడి కలిపితే పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేకపోవచ్చు. నీళ్లు కాచితే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కనవుతుంది. ఇది కోడలికి కూడా చదివి వినిపించు.

ఇల్లు వద్దనడం లేదు నాన్నా. నీ కష్టంతో నువ్వు కొంటున్న ఇల్లు, మీ నాన్న ఉంటే ఎంత మురిసేవాడో. ఇల్లు పరీక్షించుకోవడానికిచ్చే డ్యూ డిలిజెన్స్ గడువు లోపలే నీళ్ల పరీక్ష ముగించు. ఫలితం బాగోలేకపోతే, ఫిల్టరు ఖర్చు అమ్మేవాళ్లు పెట్టుకోబోమంటే, ఆ ఇల్లు వదిలెయ్యి. మ్యాపులో ఇంకా ఇళ్లున్నాయి. ల్యాబు కాగితం రాగానే ముందు నాకు పంపు, ఆ తర్వాతే సంతకం.

నీ పెద్దమ్మ