పారిశ్రామిక, వ్యాపార రంగాలలో డ్రోన్

ఉర్దూ కథలలో ‘ఉడన్ ఖటోలా’ అనే ఎగిరే మంచం ఒకటి ఉన్నది. దానిపై కూర్చున్నవాడు కొండలు, సముద్రాలు దాటి తాను కోరిన చోట దిగుతాడు. నేడు మనం డ్రోన్ అని పిలిచే యంత్రం ఇందుకు సరిగా వ్యతిరేకం. ఇక్కడ మనిషి నేలపైనే నిలిచి ఉంటాడు. అతని చూపో, చేతిపనో మాత్రమే ఎగిరిపోతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే ఈ యంత్రం ఏ వ్యాపారానికి అక్కరకు వస్తుందో, దేనికి కేవలం ఆడంబరమో గ్రహించడం మనకు కష్టం కాదు. మనిషి వెళ్ళితే ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు వాటిల్లే చోట, లేదా అతడు కాలినడకన కొలవాలంటే వారాలు పట్టే చోట దీని విలువ ఎక్కువ. తక్కిన చోట్ల సందేహించి అడుగు వేయవలసి ఉంటుంది.

డ్రోన్ అనగా మగ తేనెటీగ. ఈ పేరు సైనిక వ్యవహారాల నుండి వచ్చినదే గాని, వ్యాపారంలో దీని తొలి అడుగులు పంటపొలాలలో పడినవి. జపానులో యమహా సంస్థ 1987లో ఆర్-50 అనే మానవరహిత హెలికాప్టరును విక్రయానికి తెచ్చినది. వరిచేలపై మందు చల్లుటయే దాని పని. పల్లెలలో యువకులు తగ్గి, మిగిలిన రైతులు వృద్ధులవుతున్న దేశంలో ఆ అవసరం ముందుగా కలగడంలో ఆశ్చర్యం లేదు.

మన దేశంలోనూ వ్యవసాయమే మొదట చెప్పుకోదగినది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు మందు కొడుతూ ఆ విషం సోకి ఇరువది మందికి పైగా మరణించిన సంగతి చదువరులకు తెలిసే ఉంటుంది. వీపున పంపు తగిలించుకొని, ఎదిగిన పత్తిసాళ్ళ మధ్య నడిచే మనిషి తాను చల్లిన మందులోనే తాను నడుస్తాడు. గుడ్డతో ముక్కు కట్టుకున్నంత మాత్రాన అది ఆగదు. డ్రోన్ వలన కలిగే మొదటి మేలు ఈ మనిషిని ఆ సాలులో నుండి గట్టు మీదికి తీసుకొని రావడమే. కాలం, నీరు కలిసిరావడం రెండవ మేలు. పది లీటర్ల తొట్టి గల డ్రోన్ ఒక ఎకరాన్ని పది నిమిషాలలోపు ముగిస్తుంది. చేతిపంపుతో అదే ఎకరానికి వంద లీటర్లకు పైగా నీరు కావలసి ఉంటుంది.

అయితే ఇందులోనే ఒక చిక్కు కూడా దాగి ఉన్నది. నీరు తగ్గినకొద్దీ మందు చిక్కనవుతుంది. ఆ చిక్కని సన్న తుంపర గాలికి పక్క చేనిపై పడవచ్చును. పక్కన మల్బరీ తోట ఉన్నదనుకొందాం. ఆ ఆకు మేసిన పట్టుపురుగులు చనిపోతాయి. ఆ రైతు పంట మొత్తం పోయినట్లే. తేనెటీగలకూ ఇదే ప్రమాదం. కావున గాలి వేగాన్ని చూడకుండా, పైరుకు ఎంత ఎత్తున ఎగరాలో తెలియకుండా మందు చల్లేవాడు యంత్రం ఉన్నా పనివాడు కాడు. ఈ పిచికారీ విధానంపై కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో నియమాలను వెలువరించినది.

ఇక లాభనష్టాల మాట. ఎకరానికి 400 రూపాయల చొప్పున, రోజుకు ఇరువది ఎకరాలు అనుకుంటే 8,000 రూపాయలు చేతికి వస్తాయి. లెక్క ముచ్చటగానే ఉన్నది. కాని ఒక జత బ్యాటరీ నిలిచేది పది పదిహేను నిమిషాలే. కావున మూడు నాలుగు జతలు, పొలం దగ్గరే వాటిని నింపుటకు ఒక జనరేటరు, అన్నిటినీ మోయుటకు ఒక బండి, తోడుగా మరొక మనిషి కావాలి. కొన్ని వందల సార్లు నింపిన పిమ్మట ఆ బ్యాటరీలు నీరసిస్తాయి. వాటి వెల తక్కువ కాదు. పైగా మందు కొట్టే రోజులు ఏడాది పొడవునా ఉండవు. ఒక రైతు తన ఐదెకరాల కోసం డ్రోన్ కొనడం వ్యాపారం కాదు. నాలుగైదు గ్రామాలకు కలిపి ఒకటి ఉంటే వ్యాపారం. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకంలోని ఆలోచన ఇదే. అందులో 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్ వెలలో 80 శాతం వరకు, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు, సహాయం ఇవ్వాలని సంకల్పించినారు.

మందు కొట్టి కూలి సంపాదించుకొనే వాని గతి ఏమిటన్న ప్రశ్నను దాటవేయరాదు. అతడు కోల్పోయేది ప్రమాదాన్ని మాత్రమే కాదు, ఆ పూట కూలిని కూడా. డ్రోన్ వెంట తిరిగి నీరు పోసే పని, బ్యాటరీలు మార్చే పని అతనికే దక్కే ఏర్పాటు గ్రామంలో జరగాలి. అది యంత్రం దానంతట అది చేసిపెట్టదు.

వ్యవసాయంలో డ్రోన్ చేయి అయితే, గనులలో కన్ను. సున్నపురాయి గనిలో ఈ సంవత్సరం ఎంత రాయి తీశారు? పూర్వం మనుషులు పరికరాలు మోసుకొని గుట్టలెక్కి, గోతులలో దిగి కొలిచేవారు. ఇప్పుడు డ్రోన్ పైనుండి వందలాది చిత్రాలు తీస్తుంది. ఒక్కొక్క చిత్రం దాని ముందరి చిత్రంలోని అధిక భాగాన్ని కప్పే విధంగా తీస్తారు. ఒకే బండరాయి రెండు చిత్రాలలో ఎంత జరిగి కనిపిస్తున్నదో చూచి కంప్యూటరు దాని ఎత్తును గణిస్తుంది. మన రెండు కన్నులు దూరాన్ని అంచనా కట్టే పద్ధతి ఇదే. రేఖాగణితం జీవితంలో ఎందుకని అడిగే విద్యార్థికి ఇంతకంటే మంచి సమాధానం దొరకదు. 2021 నవంబరులో సవరించిన ఖనిజ పరిరక్షణ నియమాల ప్రకారం ఏటా పది లక్షల టన్నులు గాని అంతకు మించి గాని తవ్వేందుకు ప్రణాళిక గల గనులు, లేదా 50 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల గనులు ప్రతి సంవత్సరం డ్రోన్ సర్వే చిత్రాలను సమర్పించాలి. తవ్వినదెంత, చూపినదెంత అన్న పాత వివాదానికి ఇది కొంత కళ్ళెం. జాతీయ రహదారుల సంస్థ కూడా 2021లోనే నిర్మాణపు పనులను నెలనెలా డ్రోన్‌తో చిత్రీకరించాలని నిర్ణయించినది.

విద్యుత్ లైన్లు, సెల్ టవర్లు, ఫ్యాక్టరీ పొగగొట్టాలు – ఇవన్నీ మనిషి ప్రాణాలరచేత పెట్టుకొని ఎక్కవలసినవి. వీటి తనిఖీకి డ్రోన్ తగినదని వేరే చెప్పనక్కరలేదు. సౌరవిద్యుత్ క్షేత్రాల సంగతి మాత్రం ఆసక్తికరం. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు సుమారు 6,000 ఎకరాలలో ఉన్నది. అంతటి చోట చెడిపోయిన పలకను నడచి వెతకడం ఎంత పని! చెడిన భాగం సాధారణంగా వేడెక్కుతుంది. ఉష్ణాన్ని పసిగట్టే కెమెరా దానిని పైనుండి చుక్కవలె చూపుతుంది.

సరుకుల రవాణా విషయంలో వార్తలు ఎక్కువ, పని తక్కువ. కిరాణా సామాను ఆకాశమార్గాన వస్తుందనే ఆశ మన ఇరుకు వీధులలో, తీగల నడుమ ఇప్పట్లో నెరవేరేట్లు లేదు. బరువు పెరిగిన కొద్దీ బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. అయితే తేలికైనది, విలువైనది, ఆలస్యమైతే ప్రాణం తీసేది అయిన వస్తువు విషయంలో లెక్క మారిపోతుంది. ఆఫ్రికాలోని రువాండాలో 2016 నుండి జిప్‌లైన్ సంస్థ గ్రామీణ ఆసుపత్రులకు రక్తాన్ని ఇట్లే పంపుతున్నది. రెక్కల డ్రోన్ వచ్చి పెట్టెను చిన్న పారాచూట్‌తో జారవిడిచి తిరిగి వెళుతుంది. మన వికారాబాద్‌లో 2021 సెప్టెంబరు 11న ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ పేరిట మందులు, టీకాలు పంపే ప్రయోగం ప్రారంభమైనది.

చట్టం సంగతి తెలియక నష్టపోయేవారు కలరు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం దేశం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజింపబడినది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కరలేదు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 250 గ్రాములు మించిన ప్రతి డ్రోన్‌కు బీమా ఉండాలి. షాదీఖానాలపై డ్రోన్ ఎగురవేసే మన ఫోటోగ్రాఫర్లలో ఈ పటం చూచిన వారెందరో! రెండు కిలోలలోపు డ్రోన్ సరదాకు ఎగురవేస్తే పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు గాని, 250 గ్రాములు మించిన దానితో డబ్బు సంపాదిస్తే అవసరమే.

ఆ సర్టిఫికెట్‌కు 18 మొదలు 65 ఏళ్ళ లోపు వయస్సు, పదవ తరగతి ఉత్తీర్ణత, అనుమతి పొందిన సంస్థలో శిక్షణ చాలును. హైదరాబాద్ బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీ అట్టి శిక్షణ ఇచ్చే సంస్థలలో ఒకటి. ఎగురవేయడం కొద్ది రోజులలో వస్తుంది. బ్యాటరీ, మోటారు మరమ్మతు నేర్చినవారికి, తీసిన చిత్రాల నుండి పటం గీయగలవారికి పని ఎక్కువ కాలం దొరుకుతుంది. మన కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చదువుతున్నవారు ఈ రెండవ దారిని పరిశీలించవలెనని మా కోరిక. కమిటీ పెద్దలు ప్రయోగశాలకు ఒక చిన్న డ్రోన్‌ను, పటాలు తయారుచేసే ఒక కంప్యూటరును సమకూర్చితే, మన ఆటస్థలాన్నే మొదటి సర్వేగా కొలిచి చూపవచ్చును.