స్పీకర్ వెనక చీటీ చూశారా, చెల్లీ?

వాట్లు ఎక్కువైతే పాట బాగుంటుందని మరిదిగారికి ఎవరు చెప్పారో గానీ, రెండొందల వాట్ల యాంప్లిఫయర్ కోసం శ్రీ విజయపురం బస్సెక్కకముందే ఆయన్ని కాస్త ఆపు. మీ డిగ్లీపూర్ నుంచి రోజంతా ప్రయాణం, ఊరికే పోతుంది. ముందు ఆ బాక్సుల్ని ఇటు తిప్పి, వెనక అతికించిన చీటీ చదవమను. ఏ యాంప్లిఫయర్ కావాలో ఆ చీటీయే చెబుతుంది.

అందులో మొదట చూడాల్సింది ఓమ్‌లు. 8 అనో, 6 అనో, 4 అనో ఉంటుంది. ఆ అంకె తగ్గినకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. 20 వోల్టుల దగ్గర 8 ఓమ్‌ల స్పీకర్ రెండున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 50 వాట్లు. అవే 20 వోల్టులకి 4 ఓమ్‌లదైతే 5 ఆంపియర్లు, 100 వాట్లు. చవకరకం యాంప్లిఫయర్‌కి అంత ఓపిక ఉండదు, వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. పైగా చీటీ మీద 8 అని రాసినా, కొన్ని స్వరాల దగ్గర అది ఇంకా కిందికి దిగుతుంది. అందుకే యాంప్లిఫయర్ 4 ఓమ్‌ల దాకా తట్టుకుంటుందని రాసి ఉంటేనే కొనండి. వంటింట్లోకి ఇంకో జత బాక్సులు కావాలని నువ్వు మారాం చేస్తావని నాకు తెలుసు. 8 ఓమ్‌లవి రెండింటిని ఒకే చోట సమాంతరంగా కలిపితే 4 అయిపోతుంది, గుర్తుంచుకో.

రెండోది సెన్సిటివిటీ. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ అసలు కథంతా ఇక్కడే ఉంది. ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెళ్ళ మోత వస్తుందన్న లెక్క అది. మీది 88 అనుకుందాం. వాట్లు రెట్టింపైన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెళ్ళే. 2 వాట్లకి 91, 4కి 94, 8కి 97, 16కి 100, 64కి 106. మన చెవికి మోత రెండింతలైనట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెళ్ళు పెరగాలి. అంటే పది రెట్ల వాట్లు! 50 వాట్లది కాదని 100 వాట్లది తెస్తే దక్కేది ముష్టి 3 డెసిబెళ్ళు. అదే 85 రాసున్న స్పీకర్ బదులు 91 రాసున్నది ఉంటే, పావు వంతు వాట్లతోనే అంతే మోత వస్తుంది. మామూలుగా హాల్లో కూర్చుని పాటలు వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. మిగతా బలమంతా డప్పు మీద దెబ్బ పడే ఆ క్షణం కోసం.

అలాగని మరీ చిన్నది కొంటే స్పీకర్లు క్షేమం అనుకోకు. ఓపికకు మించి వాల్యూమ్ తిప్పితే యాంప్లిఫయర్ అలల తలలు నరికేస్తుంది. అప్పుడు పుట్టే పదునైన శబ్దం సన్న స్వరాలు పలికే ట్వీటర్‌ని మాడ్చేస్తుంది. గొంతు బరగ్గా వినిపించిందా, వెంటనే తగ్గించు.

డబ్బా మీద వేలల్లో పీఎంపీవో వాట్లు చూసి మురిసిపోవద్దు, అదంతా అంకెల గారడీ. ఈ మాయ మన దగ్గరే కాదులే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్ వాట్ల ప్రకటనలకి నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో, నిలకడగా ఎన్ని ఆర్ఎంఎస్ వాట్లో చెప్పమని కొట్టువాణ్ణి అడగండి. తడబడితే ఆ కొట్టు దిగి వచ్చేయండి.

పూజల మైక్ సెట్ యాంప్లిఫయర్ చవగ్గా వస్తోందన్నారట కదా మరిదిగారు. దాని వెనక 100 వోల్టుల లైన్ అని ఒక కొస ఉంటుంది, గుడి మీది హార్న్‌ల కోసం. పొరపాటున ఇంటి స్పీకర్‌ని దానికి తగిలిస్తే కాలిపోవచ్చు. పైగా అది మాట దూరానికి వినపడ్డానికి పుట్టింది, వీణ తీగ మోగడానికి కాదు.

ఇక మీ ఊరి సంగతి. మీది పెద్ద గ్రిడ్‌తో ముడి లేని దీవి. కల్పాంగ్ నది మీద 2001లో వచ్చిన జలవిద్యుత్ కేంద్రం మొత్తం కలిపినా 5.25 మెగావాట్లే, తోడు డీజిల్ జనరేటర్లు. వోల్టేజీ ఊగవచ్చు, అందుకే స్టెబిలైజర్ ఖర్చు కూడా ముందే కలుపుకోండి. ఉప్పుగాలికి తీగ కొసలు పచ్చగా చిలుమెక్కుతాయి, అప్పుడప్పుడూ తీసి తుడవాలి. తేమ పట్టే వానాకాలంలో రోజూ కాసేపు యాంప్లిఫయర్ వెయ్యి, ఆ వెచ్చదనమే దానికి రక్ష. రేకుల మీద వాన దంచుతున్నప్పుడు మాత్రం పాటతో పోటీ పెట్టకు. ఏ యాంప్లిఫయరూ గెలవదు.

నన్నడిగితే, 8 ఓమ్‌లకి 40, 50 ఆర్ఎంఎస్ వాట్లిచ్చే మామూలు స్టీరియో యాంప్లిఫయర్ మీ హాలుకి బోలెడు. కొత్తరకం క్లాస్ డి వాటికి వేడి తక్కువ, బరువు తక్కువ, ఓడలో పంపడం తేలికే. కానీ అరచేతిలో ఇమిడే ఆ బోర్డు పోతే బాగుచేసే దిక్కుండదు. పాతకాలపు క్లాస్ ఏబీ అయితే మూత విప్పి ట్రాన్సిస్టర్ మార్చగల మెకానిక్ ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. సర్వీస్ సెంటర్‌కి సముద్రం అడ్డున్న చోట నా ఓటు దానికే. ఐదు చానెళ్ళు, రిమోట్‌లో వంద బొత్తాలు ఉన్నవి మాత్రం వద్దమ్మా.

కొన్న యాంప్లిఫయర్‌ని బీరువా మీద పెట్టొద్దు. 2002 సెప్టెంబరులో మీ ఊరి దగ్గర 6.5 తీవ్రతతో భూమి కదిలింది, మరిచిపోయారా? కింది అరలో, పైన జానెడు గాలి ఆడేలా పెట్టండి. తీగ మందంగా ఉన్న రాగిది తీసుకోండి. ఎరుపు కొస ఎరుపుకి, నలుపు నలుపుకి కలిపారో లేదో చూడండి. ఒక బాక్సుకి తారుమారైతే బాస్ మాయమవుతుంది. అప్పుడు మరిదిగారు మళ్ళీ పెద్ద యాంప్లిఫయర్ పాట ఎత్తుకుంటారు.