చెరకు రసమునకు రంగు పరీక్ష

బెల్లము వండు దినములలో రైతును మిక్కిలి బాధించునది గట్టిపడని బెల్లము. పాలకొండ, రాజాం, బొబ్బిలి ప్రాంతములలో చెరకు వేయు రైతులకు ఈ బాధ తెలియనిది కాదు. రసము తీయగనే ఉండును, వండువాడు అనుభవజ్ఞుడే, అయినను దిమ్మ మెత్తగా దిగి, కొద్ది వారములలో చెమ్మగిల్లి కారును. అట్టి సరకునకు అనకాపల్లి మార్కెట్టులో మంచి ధర రాదు. తప్పు వండినవానిదని తలంతుము. కాని చాలసార్లు తప్పు పెనములో లేదు, పెనములో పోసిన రసములోనే కలదు. ఆ తప్పును చెరకు నరకక ముందే కనిపెట్టు సులభమైన పరీక్ష యొకటి కలదు.

రసములోని చక్కెరలు

చెరకు రసములో ముఖ్యమైనది సుక్రోజు, అనగా మనము వాడు పంచదార. బెల్లమునకు గట్టిదనము, పలుకు నిచ్చునది ఇదియే. దీనితోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజు అను విడి చక్కెరలు కొద్దిగా నుండును. ఇవియు తీయగనే ఉండును గాని, గాలిలోని తేమను పీల్చి బెల్లమును మెత్తబరచును. లేత చెరకులో ఇవి ఎక్కువ. ముదిరి మించిన తోటలోను, గాలివానకు పడిన తోటలోను, ఎర్రకుళ్ళు తెగులు సోకిన గడలలోను, నరికి నిలువ ఉంచిన చెరకులోను సుక్రోజు విరిగి మరల ఇవి పెరుగును. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వంటి తుఫానులు చూచిన మన ప్రాంతమున ఈ సంగతి మరువరాదు.

నాలుకకు ఈ భేదము తెలియదు. బ్రిక్సు మీటరు కూడ రసములో కరిగిన మొత్తము పదార్థమునే చూపును గాని, అందు ఏ చక్కెర ఎంతయో చెప్పదు.

బెనిడిక్టు ద్రావకము

ఇది మైలుతుత్తము, సోడియం సిట్రేటు, సోడియం కార్బొనేటు కలిసిన నీలి ద్రావకము. అమెరికా శాస్త్రజ్ఞుడైన స్టాన్లీ బెనిడిక్టు 20వ శతాబ్దపు తొలి దశకములో దీనిని రూపొందించెను. పూర్వము ఆసుపత్రులలో మధుమేహ రోగుల మూత్రమును దీనితోనే పరీక్షించెడివారు. విడి చక్కెరలతో కలిపి వేడిచేసినచో ఇందలి రాగి ఎర్రని పొడిగా మారును. పంచదారతో మాత్రము మారదు. కావున రంగు మారిన కొలది తీపి ఎక్కువని భ్రమపడరాదు. ఎరుపు పెరిగిన కొలది బెల్లమునకు చేటు.

కొలబద్ద తయారుచేయుట

బ్యాటరీలలో పోయు డిస్టిల్డు వాటరు తెచ్చుకొని ఈ క్రింది నీళ్లు సిద్ధపరచవలెను.

1. గ్లూకోజు 2 గ్రాములు కరిగించి మొత్తము 100 మి.లీ. చేయవలెను. ఇది 2 శాతము.
2. అందుండి 50 మి.లీ. తీసి 50 మి.లీ. నీరు కలిపిన 1 శాతము.
3. దానిని మరల అట్లే సగము చేసిన 0.5 శాతము.
4. ఇంకొకసారి సగము చేసిన 0.25 శాతము.
5. పంచదార 2 గ్రాములు కరిగించి 100 మి.లీ. చేసినది.
6. వట్టి నీరు.

ఒక్కొక్క పరీక్షనాళికలో 5 మి.లీ. బెనిడిక్టు ద్రావకము పోసి, ఒకే డ్రాపరుతో 8 చుక్కలు వేయవలెను. ఒక నీటినుండి ఇంకొక నీటికి పోవునపుడు డ్రాపరును కడుగవలెను. నాళికల నన్నిటిని మరుగుచున్న నీటిలో 5 నిమిషములుంచవలెను. వట్టి నీరు, పంచదార నీలముగనే నిలుచును. గ్లూకోజు హెచ్చిన కొలది ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగులు వరుసగా కనబడును. పంచదార నాళికలో రంగు మారినచో నాళికయో, డ్రాపరో శుభ్రముగా లేదని గ్రహించి మరల చేయవలెను.

తోటలో పరీక్ష

గట్టు ప్రక్కవి విడిచి, తోటలో ఐదు చోట్లనుండి గడలు తీయవలెను. మొదలు భాగపు రసము, కొన భాగపు రసము వేరువేరుగా పిండి, వడగట్టి, వెంటనే పైవిధముగా 8 చుక్కలు చొప్పున వేసి, కొలబద్ద నాళికలతోపాటే కాచవలెను.

రెండును నీలమునకు దగ్గరగానో, లేత ఆకుపచ్చగానో ఉన్న తోట పక్వమైనది. మొదలు ఆకుపచ్చ, కొన నారింజ లేక ఎరుపు అయినచో తోట ఇంకను పండలేదు. రెండు వారములాగి మరల చూడవలెను. కొన బాగుగనుండి మొదలు ఎర్రబడుచున్నచో తోట ముదిరిపోవుచున్నది. జాగు చేయక నరకవలెను. దీనితోపాటు బ్రిక్సు కూడ చూచిన నిర్ణయము మరింత గట్టిగా నుండును.

నరికిన నాడు కొన్ని గడలను, అదే కట్టలోనివి మూడు దినములు నిలువ ఉంచి మరికొన్నిటిని పరీక్షించి చూడుడు. ఆకుపచ్చ పసుపునకు దిగుట మీ కన్నులే చూచును. మార్చి, ఏప్రిలు ఎండలలో ఈ మార్పు మరింత త్వరపడును. నరికిన చెరకును 24 గంటలలోగా ఆడవలెననుట ఇందువలననే.

జాగ్రత్తలు

మైలుతుత్తము విషము. ద్రావకమును పిల్లలకు అందనీయరాదు. నాళిక మూతిని ముఖమువైపు త్రిప్పరాదు. పరీక్షించిన రసమును పెనములో కలుపరాదు.

కొందరు మెత్తని, నల్లని బెల్లమునకు హైడ్రోసు వేసి రంగు తెత్తురు. ఆ రంగు నిలువదు. ఆ బెల్లము గట్టిపడదు. రసము మంచిదైనచో ఆ మందుతో పనియే లేదు.

గ్రామోద్యోగులు హైస్కూలు సైన్సు ఉపాధ్యాయుని సాయముతో ఈ పరీక్షను రైతులయెదుట ఒకసారి చేసి చూపవచ్చును. ఇతర సందేహములకు 1913లో నెలకొల్పబడిన అనకాపల్లి పరిశోధన కేంద్రమును గాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమును గాని అడుగవచ్చును. ఏడాది కష్టమును పెనములో పోయుటకు ముందు ఎనిమిది చుక్కల రసమును పరీక్షించుట రైతునకు భారము కాదు.