అక్రిలిక్ కోస్తుంటే కరిగిపోతోంది!

సందేహం: ఇంట్లో నేనే కట్టుకున్న సీఎన్‌సీ రూటర్ మీద చెక్క బాగానే తెగుతోంది. 12 మి.మీ. అక్రిలిక్ పెడితే మాత్రం సగం లోతుకు వెళ్లేసరికి కరిగి, ముద్దయి బిట్‌కు చుట్టుకుంటోంది. బిట్ 6 మి.మీ., రెండు ఫ్లూట్లది. స్పిండిల్ 24,000 ఆర్‌పీఎం. బిట్ విరుగుతుందన్న భయంతో ఫీడ్ నిమిషానికి 500 మి.మీ.కు తగ్గించాను. ఇంకా తగ్గించమంటారా?
– ఓ పాఠకుడు, గాజువాక

సమాధానం: వద్దండీ, తగ్గించినకొద్దీ ఇంకా కరుగుతుంది. మీ అంకెలతోనే లెక్క కట్టండి. 24,000 చుట్లు, చుట్టుకు రెండు అంచులు, వెరసి నిమిషానికి 48,000 కోతలు. బిట్ ముందుకు జరిగేది 500 మి.మీ. అంటే ఒక్కో అంచుకు అందేది మిల్లీమీటరులో నూరో వంతు. అంత పలుచటి పొర తెగదు. మొద్దు కత్తి టమాటా తొక్క మీద జారినట్టు అంచు రుద్దుకుంటూ పోతుంది, ఆ రాపిడికి వేడి పుడుతుంది. అక్రిలిక్ దాదాపు 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అల్యూమినియంలా వేడిని తనలోంచి పాకనివ్వదు కూడా. దాన్ని మోసుకుపోగలిగేది పొట్టు ఒక్కటే. కాబట్టి పొట్టు మందంగా రావాలి, వెంటనే బయటపడాలి.

ముందు బిట్ మార్చండి. ప్లాస్టిక్ కోసం చేసిన ఒంటి ఫ్లూట్ అప్‌కట్ రకం తీసుకోండి. చెక్క కోసిన బిట్ చూడ్డానికి కొత్తగానే ఉన్నా అక్రిలిక్ జోలికి తేవద్దు. 16,000 ఆర్‌పీఎం, ఫీడ్ 1,600 పెడితే అంచుకు 0.1 మి.మీ. పడుతుంది. అంత ఫీడా అని జంకకండి. మీ భయం ఫీడ్ మీద కాదు, లోతు మీద ఉండాలి. ఇంట్లో బిగించిన ఫ్రేముకు ఫ్యాక్టరీ యంత్రానికున్న బిగువు ఉండదు. దఫాకు 2 మి.మీ. చాలు. వణుకు వస్తే లోతు తగ్గించండి, ఫీడ్ ముట్టుకోకండి.

సగం లోతు దాటాక గొడవ మొదలవడానికి ఇంకో కారణముంది. బిట్ వెడల్పే ఉన్న గాడిలో పొట్టు ఇరుక్కుని, మళ్లీ బిట్ కింద నలిగి గోడలకు అతుక్కుంటుంది. అందుకే పారేసే ముక్క వైపు గాడిని ఒక మిల్లీమీటరు వెడల్పు చేసుకోండి. కంప్రెసర్ గాలి నేరుగా బిట్ మొన మీద పడాలి. వాక్యూమ్ ఒక్కటే లోతు గాడికి చాలదు. బిట్‌ను నిలువునా గుచ్చకుండా ఏటవాలుగా దించండి. గీతకు 0.3 మి.మీ. మిగిల్చి, చివర్లో పూర్తి లోతుకు ఒకే దఫా తిప్పితే మెట్ల గీతలు పోతాయి. దానికి 12 మి.మీ. కన్నా పొడవైన కోత అంచున్న బిట్ కావాలి. బయటి అంచుకైతే బిట్‌ను ముక్క చుట్టూ అపసవ్య దిశలో నడపండి. సవ్య దిశలో పోతే వదులున్న యంత్రాన్ని బిట్ తనవైపు లాగేస్తుంది.

సందేహం: అక్రిలిక్‌కు ఎప్పుడూ పెట్టే సెట్టింగులే పెట్టాను. వేరే షాపులో కొన్న షీటు మాత్రం తీగలు తీగలుగా సాగుతోంది.
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

సమాధానం: అది ఎక్స్‌ట్రూడెడ్ షీటు అయ్యుంటుంది. చవకే గానీ త్వరగా మెత్తబడుతుంది. కాస్ట్ అని అడిగి కొనండి. అయితే కాస్ట్ షీటు మందం చోటుకో తీరుగా ఉంటుంది, వర్నియర్‌తో నాలుగు మూలలా కొలిచాకే లోతు నిర్ణయించండి.

సందేహం: కోసిన అంచును స్పిరిట్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు వచ్చాయి. షీటు నాసిరకమా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

సమాధానం: షీటును అనుమానించకండి. కోతలో వేడెక్కిన అంచులో బిగువు మిగిలిపోతుంది, స్పిరిట్ తగలగానే అది పగుళ్లై బయటపడుతుంది. థిన్నర్ తగిలినా అంతే. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.